తెల్లని పొర కింద ఏముంది?

ఆ రోజు మా ఇంట్లో పసివాడి బిస్మిల్లా. నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజుల వయసు వచ్చినప్పుడు పిల్లల చేత తొలి అక్షరాలు పలికించే ఈ ముచ్చట దక్కను ముస్లిం కుటుంబాలలో తరతరాలుగా సాగుతూ వస్తున్నది. ఇది సున్నత్ కాదు, కేవలం ఆచారమేనని పెద్దలు గుర్తు చేస్తూనే ఉంటారు, ముచ్చట మాత్రం ఆగదు. ఆ వేడుకకు కేకును బజారులో కొనకుండా ఇంట్లోనే చేయాలని, దానిపై పలకలా నున్నగా ఉండే తెల్లని ఫాండెంట్ పొర కప్పి, నీలిరంగుతో ‘ఇఖ్రా’ అని రాయాలని మేము సంకల్పించాము. ఫాండెంట్ తయారీకి అన్నిటికన్నా తేలిక పద్ధతి మార్ష్‌మాలోలను కరిగించి చక్కెర పొడితో పిసకడమేనని ఎవరో చెప్పారు. అమెరికా నుండి వచ్చిన బంధువు ఇచ్చిన మార్ష్‌మాలో పొట్లం ఇంట్లో సిద్ధంగా ఉంది. ఇంకేం, పొయ్యి వెలిగించాము.

గిన్నెలో ఆ ముద్ద తీగలు తీగలుగా సాగుతుంటే పక్కన కూర్చుని ఏలకులు ఒలుస్తున్న నానీ అడిగారు: “బేటా, ఇది ఇంతలా సాగుతోందే, దేనితో చేస్తారు దీన్ని?”

పొట్లం తిప్పి చూశాము. చక్కెర, మొక్కజొన్న పాకం, పిండి, ఆ తరువాత ‘జెలటిన్’. ఏ జంతువు నుండి తీసినదో రాయలేదు. నానీ ఇంకేమీ అనలేదు, ఏలకుల పళ్ళెం పక్కకు పెట్టి లేచి వెళ్ళారు. ఆ సాయంత్రం కేకు చాక్లెట్ పూతతోనే, పొర లేకుండానే అతిథుల ముందుకు వచ్చింది. పిల్లలెవరూ దానిని లోపంగా భావించలేదు. మాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలింది. అంత తెల్లగా, అంత అమాయకంగా కనిపించే ఆ పొరలో ఏమున్నదో తెలుసుకోకుండానే ఎన్ని విందులలో తిని ఉంటాము?

చక్కెరతో చిత్రాలు చేయడం ముస్లిం సమాజాలకు కొత్త విద్య ఏమీ కాదు. పదకొండవ శతాబ్దం నడుమ కైరో నగరాన్ని సందర్శించిన పారశీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో తన ‘సఫర్‌నామా’లో ఫాతిమీ పాలకుడి పండుగ విందును వర్ణించాడు. ఆ ఒక్క రోజు కోసం యాభై వేల ‘మన్’ల చక్కెర కేటాయించారని విన్నట్లు రాశాడు. కొమ్మలూ ఆకులూ అన్నీ చక్కెరతోనే మలిచిన ఒక నారింజజాతి చెట్టును అక్కడ కళ్ళారా చూశానన్నాడు. 1582లో ఉస్మానీ సుల్తాన్ మూడవ మురాద్ తన కుమారుడి సున్తీ వేడుకలను ఇస్తాంబుల్‌లో వారాల తరబడి జరిపించినప్పుడు చక్కెరతో చేసిన బొమ్మలను ఊరేగించారు. మాట కూడా మన ఉపఖండం నుండే పయనించింది. సంస్కృతంలోని శర్కర పారశీకంలో ‘శకర్’ అయింది, అరబీలో ‘సుక్కర్’ అయింది. మనం కలకండ అనే మాటలోని ‘ఖండ’ అటు వెళ్ళి ‘ఖంద్’ అయి, చివరికి ఇంగ్లీషు వారి ‘క్యాండీ’లో తేలింది. ‘ఫాండెంట్’ మాత్రం ఫ్రెంచి మాట, కరగడమని దాని అర్థం. వింత ఏమిటంటే, కేకుపై దుప్పటిలా పరిచే నేటి ఫాండెంట్ కరిగి పోసేది కాదు, చపాతీలా ఒత్తేది.

ఇక అసలు విషయానికి వద్దాం. ఒత్తిన చక్కెర పొర విరగకుండా సాగాలంటే దానికి పట్టునిచ్చే పదార్థమొకటి కావాలి. ఆ పని సాధారణంగా జెలటిన్ చేస్తుంది. జంతువుల చర్మం, ఎముకలలోని కొల్లాజెన్‌ను ఉడికించి తీసే పదార్థం ఇది. పాశ్చాత్య దేశాలలో పంది చర్మం నుండి తీసే జెలటిన్ విరివిగా వాడుకలో ఉంది. పశువులది అయినా అవి ధర్మబద్ధంగా జబహ్ చేసినవో కావో పొట్లం చెప్పదు. ధర్మశాస్త్ర పండితులు ఈ విషయాన్ని చర్చించకుండా వదిలిపెట్టలేదు. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ పంది నుండి తీసిన జెలటిన్ వాడకం సమ్మతం కాదని, మొక్కల నుండి గానీ, ధర్మబద్ధంగా జబహ్ చేసిన జంతువుల నుండి గానీ వచ్చేది ఉండగా దాని అవసరం లేదని తేల్చింది. ఒక వస్తువు పూర్తిగా మారిపోయి వేరొక వస్తువైతే దాని ఆదేశం కూడా మారుతుందనే ‘ఇస్తిహాలా’ సూత్రాన్ని జెలటిన్‌కు వర్తింపజేసిన పండితులూ ఉన్నారు. వారి వాదనను తేలికగా తీసివేయడం మా ఉద్దేశం కాదు. కాని వంటింట్లో నిలబడిన వారికి ఆ చర్చ అంతా అవసరమా? ధర్మసమ్మతమైనది స్పష్టం, నిషిద్ధమైనది స్పష్టం, రెండింటి నడుమ ఉన్న సందేహాస్పద విషయాలకు దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్ని, గౌరవాన్ని కాపాడుకున్నట్లేనని దైవప్రవక్త (స) బోధించారు. జెలటిన్ చేసే పనిని చైనా గ్రాస్ కూడా చేయగలిగినప్పుడు సందేహంలో పడవలసిన అవసరం ఏమున్నది?

చైనా గ్రాస్ మన ఇళ్ళకు కొత్తది కాదు. రమజాన్‌లో పాలతో, పండ్లతో కదలని పుడ్డింగులు చేసేది దీనితోనే. సముద్రపు నాచు నుండి తీసే ఈ పదార్థాన్ని అగర్ అగర్ అని కూడా అంటారు. తమిళనాట రామనాథపురం తీరంలో, మన్నారు సింధుశాఖలో మత్స్యకార స్త్రీలు నీట మునిగి ఈ నాచును సేకరిస్తారు. అక్కడి ముస్లిం ఇళ్ళలో ‘కడల్ పాసి’ లేని ఇఫ్తార్ ఉండదంటే అతిశయోక్తి కాదు.

బజారులో కొనేటప్పుడు మన దేశంలో ఒక వెసులుబాటు ఉంది. జంతుసంబంధమైన పదార్థం ఏది కలిసినా పొట్లంపై పచ్చచుక్క వేయరాదు, గోధుమరంగు గుర్తే వేయాలి. పాలు, తేనె, లక్క వంటి కొన్నింటికే మినహాయింపు. కనుక చతురస్రంలో పచ్చచుక్క ఉన్న ఫాండెంట్‌లో జెలటిన్ ఉండకూడదు, కొచినీల్ పురుగు నుండి తీసే 120 సంఖ్య గల ఎర్రరంగు కూడా ఉండకూడదు. గ్లిజరిన్ సంఖ్య 422. అది మొక్కల నూనె నుండీ వస్తుంది, జంతువుల కొవ్వు నుండీ వస్తుంది కాబట్టి దానికీ పచ్చచుక్కే ఆధారం. అయితే ఆ చుక్క చెప్పని సంగతి ఒకటుంది. మద్యసారం గురించి అది మౌనం వహిస్తుంది. విదేశాల నుండి వచ్చే అసలైన వెనిల్లా సారంలో ఆల్కహాల్ గణనీయంగా ఉంటుంది, అమెరికా నిబంధనల ప్రకారం అది 35 శాతానికి తగ్గకూడదు కూడా. మన దగ్గర దొరికే కృత్రిమ ఎసెన్సులలో చాలావాటిని ప్రొపిలిన్ గ్లైకాల్‌లో కలుపుతారు. సీసాపై చదివి తీసుకోవాలి. టోకు దుకాణాలలో పెద్ద డబ్బా నుండి తీసి, సాదా కవరులో విడిగా తూచి ఇచ్చే ఫాండెంట్‌ను మేము కొనము. దానికి పేరూ లేదు, చుక్కా లేదు.

ఇంట్లో చేసుకునే కొలతలు ఇవి. ఎనిమిది అంగుళాల కేకుకు సరిపోయి, పువ్వులకు కొంత మిగులుతుంది. కిలో ఐసింగ్ చక్కెరలో 100 గ్రాములు విడిగా ఉంచి, మిగతా 900 గ్రాములను రెండుసార్లు జల్లించాలి. ఇంట్లో మిక్సీలో పొడి చేసిన చక్కెర ఎంత మెత్తగా అనిపించినా పొరలో ఇసుకలా తగులుతుంది. పలుచని మల్లు గుడ్డలో జల్లిస్తే తప్ప పనికిరాదు. ఆ చక్కెరలో రెండు చిన్న చెంచాల సి.ఎం.సి. పొడి కలపాలి. మొక్కల పీచు నుండి చేసే ఈ పొడి కేకు సామగ్రి దుకాణాలలో చిన్న డబ్బాలలో దొరుకుతుంది. పొర సాగేలా చేసేది ఇదే.

రెండు చిన్న చెంచాల అగర్ పొడిని 70 మిల్లీలీటర్ల నీటిలో పది నిమిషాలు నాననిచ్చి, సన్నని సెగపై కలుపుతూ బాగా మరిగించాలి. జెలటిన్ గోరువెచ్చని నీటిలోనే కరుగుతుంది. అగర్ అలా కాదు, నీరు మరిగే వేడి తగిలితేగాని కరగదు. పలుకు మిగిలితే అది పొరలో గింజలా కనిపిస్తుంది. పూర్తిగా కరిగాక 150 గ్రాముల లిక్విడ్ గ్లూకోజ్, ఒక పెద్ద చెంచా గ్లిజరిన్, రెండు పెద్ద చెంచాల వనస్పతి వేసి కరిగించి దించాలి. నెయ్యి వేస్తే రుచి బాగుంటుంది కాని తెలుపు కాస్త పసుపుకు తిరుగుతుంది. వాసనకు మేము ఎసెన్సు వాడము. నీటిలో ఒక చెంచా తగ్గించి, దించిన తరువాత అంత పన్నీరు పోస్తాము.

ఇక ఆలస్యం పనికిరాదు. అగర్ 40 డిగ్రీల దగ్గరకు రాగానే గడ్డకట్టడం మొదలవుతుంది. వెచ్చగా ఉండగానే చక్కెర మధ్యలో గుంట చేసి పోసి, ముందు చెక్క గరిటెతో, తరువాత వనస్పతి రాసుకున్న చేతులతో చపాతీ పిండిలా పిసకాలి. అంటుకుంటుంటే విడిగా ఉంచిన చక్కెర కొంచెం కొంచెం చల్లాలి. తొలిసారి చేసేవారు ఇక్కడ బెదిరిపోతారు, ముద్ద ముక్కలు ముక్కలుగా విరుగుతుంటే పాడైందనుకుంటారు. పాడు కాలేదు. పదిహేను నిమిషాలు ఓపికగా పిసికితే నునుపు వస్తుంది. దానిని ప్లాస్టిక్ కాగితంలో గాలి చొరబడకుండా రెండు పొరలుగా చుట్టి, మూత గట్టి డబ్బాలో రాత్రంతా బయటే ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టరాదు. మర్నాడు తీసి మళ్ళీ పిసికితే చెవి తమ్మెలా మెత్తగా ఉంటుంది.

పొర ఎంత బాగున్నా దాని కింద ఉన్నది సరిగా లేకపోతే ఫలితం శూన్యం. మన ఊళ్ళ బేకరీ కేకులలో అత్యధికం విప్ చేసిన క్రీము కేకులు. వాటిపై ఫాండెంట్ నిలవదు. క్రీములోని నీటిని చక్కెర పీల్చుకుని జిగురై, గంటలోనే జారిపోతుంది. పైగా క్రీము కేకుకు ఫ్రిజ్ కావాలి, ఫాండెంట్‌కు ఫ్రిజ్ గిట్టదు. అందువల్ల కింద బటర్ క్రీమ్ గానీ, చాక్లెట్ గనాష్ గానీ పూయాలి. మన ఎండలకు మేము గనాష్‌నే నమ్ముతాము. డార్క్ చాక్లెట్ రెండు వంతులకు క్రీము ఒక వంతు చొప్పున కరిగించి, ఆరనిచ్చి పూస్తే అది గట్టి గోడలా నిలుస్తుంది. ఏప్రిల్, మే నెలలలో చాక్లెట్‌ను రెండున్నర వంతులు చేయాలి. తెల్ల చాక్లెట్ అయితే మూడు నుండి నాలుగు వంతులు పడుతుంది. కేకు కూడా దూదిలా తేలికగా ఉండే స్పాంజి కాకుండా, కాస్త బరువు మోయగల వెన్న కేకు కావాలి.

కేకు పైభాగాన్ని సమంగా కోసి, తలకిందులుగా పెడితే నునుపైన అడుగు పైకి వస్తుంది. మొదట పలుచగా ఒక పూత పూసి తుంపులన్నిటినీ అందులో పట్టి ఉంచి, అరగంట ఆగి, రెండవ పూత మందంగా వేయాలి. ఆ తరువాత అరచేతితో తడిమి చూడాలి. కంటికి కనిపించని గుంటను చేయి పసిగడుతుంది. ఒక ధాన్యపు గింజంత మిట్ట ఉన్నా తెల్లని పొర దానిని దాచదు, పదింతలు చేసి చూపుతుంది. ఈ కళలో మాకు అన్నిటికన్నా నచ్చిన గుణం అదే.

ఇప్పుడు పరచడం. కేకు వెడల్పుకు రెండు వైపుల ఎత్తును కలుపుకోవాలి. ఎనిమిది అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తు ఉంటే మొత్తం పదహారు, అంచుకు మరొక అంగుళం కలిపి పదిహేడు అంగుళాల గుండ్రటి పొర కావాలి. నాలుగు మిల్లీమీటర్ల మందాన ఒత్తితే దీనికి సుమారు 800 గ్రాముల ముద్ద పడుతుంది. మందం తెలియకపోతే మూడు రూపాయి నాణేలను ఒకదానిపై ఒకటి పెట్టి చూసుకోండి, దాదాపు సరిపోతుంది. బండపై కార్న్‌ఫ్లోర్ పలుచగా చల్లి, అప్పడాల కర్రతో మధ్య నుండి బయటకు ఒత్తుతూ, ప్రతి రెండు ఒత్తులకూ పొరను కొద్దిగా తిప్పుతూ ఉండాలి. తిరగేయకూడదు, పైముఖం పైముఖంగానే ఉండాలి. చేతికి ఉంగరాలు, గాజులు ఉంటే తీసివేయాలి. మా మొదటి కేకు మీద ఒక ఉంగరపు రాయి అచ్చు ఎంత స్పష్టంగా పడిందంటే, ఆ ఉంగరం ఎవరిదో అతిథులు గుర్తుపట్టారు.

పొర సిద్ధమయ్యాక కేకుపై మరిగించి చల్లార్చిన నీటిని బ్రష్షుతో తడి అయీ కానట్లుగా రాయాలి. ఎక్కువైతే పొర జారుతుంది, లేకపోతే అంటదు. పొరను కర్రకు చుట్టి ఎత్తి, కేకు అవతలి అంచు నుండి ఇవతలికి విప్పుతూ పరచాలి. వెంటనే, ముందుగా పైభాగాన్ని అరచేతితో మధ్య నుండి అంచులకు సర్దాలి. తరువాత పైఅంచు చుట్టూ చేతిని తిప్పి పట్టు కలిగించాలి. అంచు పట్టుబడితే పొర బరువుకు చిరగదు. ఇక కింది భాగం పావడా కుచ్చిళ్ళలా వేలాడుతూ ఉంటుంది. ఇక్కడే తొందర పనికిరాదు. కుచ్చిళ్ళను లోపలికి నొక్కితే మడతలు శాశ్వతమవుతాయి. ఒక చేత్తో కుచ్చిలిని మెల్లగా బయటకు విప్పుతూ, మరొక చేత్తో పైనుండి కిందికి నిమురుతూ, కొంచెం కొంచెంగా చుట్టూ తిరగాలి. కిందికి లాగకూడదు. కింద మిగిలిన అంచును కేకు మొదలుకు అర అంగుళం దూరంలో ముందు కోసి, మళ్ళీ నిమిరి, ఆ తరువాత దగ్గరగా కోయాలి. ఈ పని అంతా పది నిమిషాలలో ముగియాలి. ఆలస్యమైతే పొర ఎండి, అంచుల వెంట ఏనుగు చర్మంలా ముడతలు పడుతుంది. పడితే కంగారు అక్కరలేదు, వేలికి వనస్పతి రాసుకుని గుండ్రంగా రుద్దితే చాలావరకు పోతాయి. గాలి బుడగ కనిపిస్తే శుభ్రమైన సూదితో ఏటవాలుగా గుచ్చి గాలిని నెట్టేయాలి. ఆ సూదిని వెంటనే దాని చోట పెట్టాలి, కేకు దగ్గర మరచిపోకూడదు. నునుపు తేవడానికి ప్రత్యేక పరికరం లేకపోతే, వంగే దళసరి ప్లాస్టిక్ షీటును శుభ్రంగా కడిగి అరచేతి కింద పెట్టుకుని నిమిరినా సరిపోతుంది.

వాతావరణం గురించి ఒక మాట. ఒకే కొలతలతో హైదరాబాదులో గట్టిగా వచ్చిన ముద్ద విశాఖలో జిగురవుతుంది. తీర ప్రాంతాలవారు, వానాకాలంలో అందరూ, నీరు ఒక చెంచా తగ్గించుకోవాలి. వేసవిలో ఉక్కగా ఉందని కూలరు ముందు కూర్చుని ఈ పని చేయరాదు. కూలరు గదిలోకి తేమనే విసురుతుంది. ఫ్యాను మేలు. గది ఏసీ అయితే మరీ మేలు, కాని చల్లని గది నుండి కేకును ఒక్కసారిగా బయటకు తెస్తే చెమర్చి మెరుస్తుంది. అప్పుడు దానిని తుడవకండి, ముట్టుకోకండి, ఫ్యాను గాలికి దానంతటదే ఆరుతుంది. తప్పనిసరై ఫ్రిజ్‌లో పెట్టవలసి వస్తే అట్టపెట్టెలో మూసి పెట్టి, బయటకు తీసిన తరువాత పెట్టె చల్లదనం పూర్తిగా తగ్గేవరకు తెరవకూడదు.

మన ఇళ్ళలోని ఎందరో సోదరీమణులు నేడు ఈ విద్యను జీవనోపాధిగా మలచుకుంటున్నారు. గడప దాటనవసరం లేకుండా, పిల్లలను చూసుకుంటూ సంపాదించుకునే ఈ మార్గం ఎంతో మెచ్చదగినది. ఇంటి నుండి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వద్ద నమోదు తప్పనిసరి అని వారు గుర్తుంచుకోవాలి. మరొక సంగతి కూడా చెప్పక తప్పదు. ఫాండెంట్ ఒక తెర. ఎండిన కేకును, నిన్న మొన్న మిగిలిన ముక్కలను అతికించిన కేకును అది చక్కగా కప్పివేస్తుంది. రెండు రోజులు గాలి తగలకుండా కాపాడుతుంది కనుక కోసేదాకా ఎవరికీ తెలియదు. ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చారని, లోపల వేళ్ళకు తడి తగిలిందని ముస్లిం హదీసు గ్రంథం తెలుపుతున్నది. వానకు తడిసిందని అమ్మకందారు చెప్పగా, అయితే జనం చూసేలా ఆ తడిని పైననే ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తన వాడు కాదని ఖండించారు. వలీమా విందులలో ఐదంతస్తుల కేకు పెట్టి, అందులో నాలుగంతస్తులు థర్మోకోల్ దిమ్మెలకే పొర కప్పడం ఇప్పుడు పరిపాటి అయింది. కొనేవారికి చెప్పి చేస్తే అది మోసం కాదు. కాని తినలేని థర్మోకోల్ మీద మూడు నాలుగు కిలోల చక్కెర కప్పి, ఫొటోలు తీసుకుని, మర్నాడు చెత్తలో పడవేయడాన్ని ఏమనాలి? దుబారా చేసేవారిని అల్లాహ్ ఇష్టపడడని దివ్య ఖుర్ఆన్‌లోని ఆరాఫ్ సూరా హెచ్చరించడం మనకు తెలియనిది కాదు.

కేకుపై ఏమి అలంకరించాలనే విషయంలోనూ ప్రశ్నలు వస్తుంటాయి. ప్రాణుల బొమ్మల గురించి ధర్మవేత్తలలో అభిప్రాయభేదాలున్నాయి. పిల్లల ఆట బొమ్మలకు ఆయిషా (ర) చిన్ననాటి బొమ్మలను ఆధారంగా చూపి అనుమతించినవారున్నారు, కూడదన్నవారూ ఉన్నారు. మా ఇంట్లో పూలు, ఆకులు, నెలవంక, జాలీ పనితోనే సరిపెట్టుకుంటాము. బీదరు, గోల్కొండ గోడలపై ఉన్న జ్యామితి నమూనాలు చూస్తే బొమ్మల లోటు తెలియదు. అల్లాహ్ పేరు గానీ, ఖుర్ఆన్ వాక్యం గానీ కేకుపై రాయకపోవడమే మంచిదని మా భావన. కత్తి పడేది దాని మీదే, తుంపులు కాళ్ళ కింద పడేవీ అవే. బిస్మిల్లా రోజున మేము రాయాలనుకున్న ‘ఇఖ్రా’ అనే మాట గురించి కూడా తరువాత ఇలాగే ఆలోచించాము. ఇప్పుడు పిల్లవాడి పేరు మాత్రమే రాస్తున్నాము. మెరుపు పొడులు కొనేటప్పుడు తినదగినదని రాసి ఉందో లేదో చూడండి. ‘అలంకరణకు మాత్రమే’ అని ఉన్నది ఆహారం కాదు.

ఇక చక్కెర సంగతి. 800 గ్రాముల పొర కప్పిన కేకును ఇరవై ముక్కలు చేస్తే ఒక్కొక్కరి వాటాకు పొర 40 గ్రాములు వస్తుంది. అది దాదాపు అంతా చక్కెరే, ఎనిమిది తొమ్మిది చెంచాల పైమాట. లోపలి కేకు, గనాష్ లెక్క వేరు. పెద్దలకు రోజంతటికీ కలిపి 50 గ్రాములు మించరాదని, 25 లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఇంటికొక మధుమేహ రోగి ఉన్న మన కాలంలో ఈ లెక్క తెలిసి వడ్డించడం మంచిది.

మొన్న రెండవ పిల్లవాడి బిస్మిల్లా జరిగింది. ఈసారి చైనా గ్రాస్‌తో చేసిన పొర, మడత లేకుండా, పన్నీరు పరిమళంతో కుదిరింది. నానీకి మొదటి ముక్క ఇచ్చాము. ఆమె ముందుగా, “దేనితో చేశారు?” అని అడిగారు. చెప్పాము. తల ఊపి, బిస్మిల్లా అని, పొరను మునివేళ్ళతో జాగ్రత్తగా ఒలిచి పళ్ళెం అంచున పెట్టి, లోపలి కేకు మాత్రం తిన్నారు.

“చాలా బాగుంది బేటా,” అన్నారు. “పైన ఉన్నది కాస్త తీపి ఎక్కువ.”

ఆ ఒలిచిన పొరను మనుమడు అప్పుడే నోట్లో వేసుకున్నాడు. మరుసటి కేకుకు పక్కల గనాష్‌ను అలాగే వదిలి, పైన మాత్రం మూడు మిల్లీమీటర్ల పలుచని గుండ్రటి పొర పరిచాము. 200 గ్రాములు కూడా పట్టలేదు. మిగిలిన ముద్ద డబ్బాలో ఉంది. పిల్లలు దానితో సెలవు రోజులలో గులాబీలు చేస్తున్నారు.